ఫైలు చేతులు మారేటప్పుడు

ఒక కళాశాలకు యాభై ఏళ్లు నిండుతున్నాయి, స్వర్ణోత్సవ సంచిక తేవాలి అనుకుందాం. సంపాదకవర్గంలో ఐదుగురు. తెలుగు శాఖలో పనిచేసి రిటైరైన మాస్టారు ఏళ్ల తరబడి అను ఫాంట్లతోనే టైపు చేస్తున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే పూర్వ విద్యార్థినికి గూగుల్ డాక్స్ తప్ప మరోటి అలవాటు లేదు. ఆమె క్లాస్‌మేట్ డల్లాస్‌లో ఉంటాడు, మ్యాక్ మీద పేజెస్‌లో రాస్తాడు. కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు గారి కంప్యూటర్లో ఉన్నది లిబ్రె ఆఫీస్. ప్రెస్సులో డీటీపీ చేసే కుర్రాడికి పేజ్‌మేకర్ కొట్టిన పిండి. వ్యాసాలు పంపే పాత విద్యార్థుల్లో చాలామంది ఫోన్లో వాట్సాప్ మెసేజీగానే రాసి పంపుతారు.

ఇలాంటి బృందం మొదటిసారి కూర్చున్నప్పుడు "అందరం ఒకే సాఫ్ట్‌వేర్ వాడదాం" అని ఎవరో ఒకరు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. దాని మీద గంటసేపు చర్చ జరుగుతుంది, అందరూ తలూపుతారు, ఇంటికెళ్లి ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు రాస్తారు. ఇందులో మొండితనం ఏమీ లేదు. వేళ్లకు పట్టిన కీబోర్డు మారితే ఆలోచన తెగిపోతుంది. రాసే మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు. కాబట్టి ఆ చర్చను మొదటి రోజే పక్కన పెట్టండి. తేల్చుకోవలసినవి వేరే మూడున్నాయి. అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది? మాటలు మార్చే పని ఎప్పుడు ముగుస్తుంది? పేజీలు కట్టే పని ఎప్పుడు మొదలవుతుంది? వీటికి జవాబులుంటే ఆరు రకాల సాఫ్ట్‌వేర్లతోనైనా పుస్తకం బయటికొస్తుంది. లేకపోతే అందరి దగ్గరా వర్డే ఉన్నా రాదు.

తెలుగులో పనిచేసేవాళ్లకు దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, దాన్ని ముందే అర్థం చేసుకోవాలి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి వాటిని అమర్చి, వాటిని కూర్చి అక్షరంగా చూపిస్తాయి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంపర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు మిగులుతుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగుకు సొంత చోటుంది. క అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా కే. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చాక మామూలు కంప్యూటర్లలో కూడా తెలుగు యూనికోడ్ నిలదొక్కుకుంది. ఫోన్లో రాసేదీ, లేఖిని వెబ్‌సైట్లో రాసేదీ, గూగుల్ డాక్స్‌లో రాసేదీ యూనికోడే.

అందుకే నేను కొత్త సంపాదకులకు ఒక మాట గట్టిగా చెబుతాను. పల్లెటూరి నుంచి ఒక టీచరు వాట్సాప్‌లో పేరాలు కూడా విడగొట్టకుండా పంపిన మెసేజీని చూసి విసుక్కోవద్దు. ఎంతో అందంగా ముస్తాబై వచ్చిన అను ఫైలు కన్నా అది మీ పనికి దగ్గర. అది యూనికోడ్. వెతకవచ్చు, దిద్దవచ్చు, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. పేరాలు విడగొట్టడానికి పది నిమిషాలు చాలు. మెసేజీల్ని ఒకేసారి నాలుగైదు కాపీ చేస్తే ప్రతి దాని ముందూ పేరు, తేదీ, సమయం వచ్చి కూర్చుంటాయి, వాటిని ఏరేయాలి. బొద్దు అక్షరాల కోసం పెట్టిన నక్షత్రం గుర్తులు కూడా వెంటే వస్తాయి, వాటినీ తీసేయాలి. అంతే.

మరి మాస్టారి సంగతి? ఇక్కడ చాలామంది తొందరపడతారు. "యూనికోడ్‌లో టైపు చేసి పంపండి మాస్టారూ" అంటారు. ఆయన సరేనంటారు. నెల గడుస్తుంది, వ్యాసం రాదు. అడిగితే ఒంట్లో బాగాలేదంటారు. నిజానికి ఆయనకు ఆ పని కొరకరాని కొయ్య. ఆ మాట మనవళ్ల వయసు పిల్లల ముందు ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనం. అలా కాకుండా ఇలా అడగండి:

"మాస్టారూ, మీరు అనులోనే పంపండి. దాంతోపాటు పీడీఎఫ్ ఒకటి జతచెయ్యండి చాలు. మీది అనులో ఏ వెర్షనండీ?"

వెర్షన్ అడగడం మర్యాద కోసం కాదు. వెర్షన్‌ను బట్టి అక్షరాల అమరిక మారుతుంది, మార్పిడి చేసే పరికరానికి అది తెలియాలి. పీడీఎఫ్ అడిగేది ఆయన అసలేం రాశారో కంటితో చూసుకోవడానికి. ఈ రెండూ చేతికొస్తే మార్పిడి భారం మొత్తం మీది. అనుభవం ఉన్న పెద్దవాళ్ల రాత కావాలనుకుంటే ఆ కష్టం బృందమే మోయాలి. వాళ్ల నెత్తిన పెడితే మనకు మిగిలేది ఖాళీ పేజీయే.

మార్పిడికి ఉచిత పరికరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చాలావరకు పని బాగానే చేస్తాయి. కానీ మార్చిన పాఠాన్ని చదవకుండా ముందుకు పంపడం మాత్రం పెద్ద పొరపాటు. తప్పులు ఎక్కడ దొర్లుతాయో కొంత ఊహించవచ్చు. వ్యాసం మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే, ఫాంటు సమాచారం పోయిన పాఠంలో అవి ఇంగ్లీషని పరికరానికి తెలియదు. వాటిని కూడా అను సంకేతాలనుకుని తెలుగులోకి తిప్పేస్తుంది. కొటేషన్ గుర్తులు, అంకెలు, అరుదైన సంయుక్తాక్షరాలు, సంస్కృత శ్లోకాలు, ఇవన్నీ అనుమానించవలసిన చోట్లు. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి చూడటానికి సరైన మాటలాగే కనిపించే తప్పులు. ఒక ఒత్తు ఊడిపోయినా ఏదో ఒక మాట మిగులుతుంది, కన్ను దాని మీద నిలవదు.

దీనికి పాత ప్రెస్సుల పద్ధతికి మించినది నాకు కనిపించలేదు. ఒకరు మూలప్రతిని పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూసుకుంటూ పోవడం. మాస్టారి పీడీఎఫ్‌ను ఒకరు పైకి చదవండి, మార్చిన పాఠాన్ని ఇంకొకరు తెర మీద చూడండి. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటే ఫోన్లో చదువుకోండి. శ్రమే. అయినా రచయిత పేరు కింద అచ్చయ్యే ప్రతి అక్షరానికీ మనం పూచీ. ఆ శ్రమ తప్పించుకునే దారి వెతక్కూడదు.

పీడీఎఫ్ విషయంలో ఇంకొక జాగ్రత్త. అది చూసుకోవడానికే, దాన్నుంచి పాఠాన్ని కాపీ చేసుకోవద్దు. పీడీఎఫ్ పేజీ ఎలా కనిపించాలో గుర్తుంచుకుంటుంది తప్ప మాట ఎలా కూడిందో గుర్తుంచుకోవాలని లేదు. యూనికోడ్‌లో తయారైన పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా తెలుగు ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురవడం తరచూ చూస్తాం.

ఇక అసలు ప్రతి. అన్ని వ్యాసాలూ యూనికోడ్‌లోకి వచ్చాక వాటికి ఒకే ఇల్లుండాలి, ఆ ఇంటికి ఒకరే పెద్ద ఉండాలి. ఆ పెద్ద సంపాదకుడే కానక్కర్లేదు. ఓపిక, క్రమం ఉన్న మనిషైతే చాలు. మన బృందంలో హైదరాబాదు అమ్మాయికి ఆ పని అప్పగించవచ్చు. గూగుల్ డాక్స్‌లో పెడితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర దానంతటదే నిలుస్తుంది, వద్దనుకుంటే పాత రూపానికి వెనక్కి పోవచ్చు. ఆ సదుపాయం కోసమే నేను దాన్ని ముందు పెడతాను. వర్డ్ ఫైలుగానే ఉంచి చేతులు మారుస్తామంటే అదీ మంచిదే, కానీ అప్పుడు బృందంలో రెండు మాటలు అలవాటు కావాలి: "తీసుకున్నాను", "ఇచ్చేశాను". "మూడో భాగం తీసుకున్నాను, గురువారం సాయంత్రం ఇస్తాను" అని గ్రూపులో పెట్టినవాళ్లే దాన్ని ముట్టుకోవాలి. ఇచ్చేశానని వాళ్లు చెప్పేదాకా మిగతావాళ్లు చదవవచ్చు, దిద్దకూడదు.

ఫైలు పేర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. "ఫైనల్" అనే మాటను ఫైలు పేరులో నిషేధించండి. రచయిత పేరు, వ్యాసం పేరులో ఒక మాట, తేదీ చాలు. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే, 2025-03-14 లాగా, ఫోల్డర్లో ఫైళ్లు వాటంతటవే వరసగా నిలబడతాయి. పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. జిప్ చేసి పంపితే పాత కంప్యూటర్లలో తెలుగు పేర్లు చెడిపోవచ్చు.

వర్డ్, లిబ్రె ఆఫీస్, గూగుల్ డాక్స్ మధ్య రాకపోకలు ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. 2007 నాటి ఆఫీస్‌తో వచ్చిన డాక్‌ఎక్స్ అనే రూపాన్ని మూడూ చదువుతాయి, రాస్తాయి. పేజెస్ వాడే డల్లాస్ మిత్రుడు తన ఫైలును ఉన్నదున్నట్టు పంపకుండా, ఎక్స్‌పోర్ట్‌లో వర్డ్‌ను ఎంచుకుని పంపాలి. పేజెస్ ఫైలును వర్డ్ తెరవలేదు. ఈ ప్రయాణంలో మాటలు క్షేమంగా చేరతాయి. శీర్షికలు, పేరాలు, ఫుట్‌నోట్లు, కామెంట్లు దాదాపుగా చేరతాయి. పట్టికలు కొంత నలుగుతాయి. టెక్స్ట్ బాక్సులు, బొమ్మ చుట్టూ తిరిగే పాఠం, రంగురంగుల అంచులు, వీటి మీద నమ్మకం పెట్టుకోవద్దు. అసలు ఈ దశలో అవెందుకు? మాటలు కుదరకముందే పేజీని అలంకరించడం గుడ్డ కొలవకముందే గుండీలు కుట్టడం. రచయితలందరికీ ముందే చెప్పండి: శీర్షికకు హెడింగ్ స్టైల్, మిగతాదంతా మామూలు పేరా, ఇంతకు మించి ఏమీ వద్దు. శీర్షికను బొద్దు చేసి, సైజు పెంచి, స్పేస్ బార్ కొట్టి మధ్యకు జరిపితే అది కంటికి శీర్షికే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మామూలు పేరా. పేజీలు కట్టేవాళ్లు ఆ స్పేసులన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ కూర్చోవాలి.

ఫాంటు మారితే పేజీల లెక్క మారుతుంది, దానికి కంగారు పడకండి. విండోస్‌లో ఒక తెలుగు ఫాంటు, మ్యాక్‌లో ఇంకొకటి, ఆండ్రాయిడ్‌లో వేరొకటి. ఒకే పాఠం ఒకచోట పన్నెండు పేజీలు, ఇంకోచోట పద్నాలుగు పేజీలు రావచ్చు. అందుకే బృందంలో మాట్లాడుకునేటప్పుడు "ఏడో పేజీ మూడో పేరా" అనకండి, "హాస్టల్ రోజులు అన్న ఉపశీర్షిక కింద రెండో పేరా" అనండి. అందరికీ ఒకే ఫాంటు ఉండాలనిపిస్తే ఉచితంగా దొరికేవి ఎంచుకోండి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. లిబ్రె ఆఫీస్ వాడే సూపరింటెండెంటు గారికి ఒక సంగతి విడిగా చెప్పాలి. అది ఇంగ్లీషుకు ఒక ఫాంటును, తెలుగు వంటి లిపులకు ఇంకో ఫాంటును విడివిడిగా పెట్టుకుంటుంది. సైజు కూడా అంతే. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే ఒకే వాక్యంలో ఇంగ్లీషు మాట పెద్దగా, తెలుగు మాట చిన్నగా కనిపిస్తుంది. ఫైలు పాడైందని అనుకోనక్కర్లేదు.

కంటికి కనిపించని ఇంకో అక్షరం ఉంది, అది తెలుగువాళ్లను చాలా ఏడిపిస్తుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ అన్న మాటల్లో పొల్లు తర్వాత, తర్వాతి అక్షరం ఒత్తుగా కిందికి దిగకుండా ఆపే ఒక గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్నిటిలో మనమే గుర్తుపెట్టుకుని వేయాలి. వేయకపోతే సాఫ్ట్వేర్, ఫేస్బుక్ అని వస్తుంది. చూడటానికి బాగుండకపోవడం ఒక్కటే కాదు, ఒక రూపం కోసం వెతికితే రెండోది చాలాసార్లు దొరకదు. "పుస్తకమంతా వెతికి మార్చేశాం" అనుకుంటాం, సగం అలాగే ఉండిపోతాయి. అసలు ప్రతి పెట్టుకున్నవాళ్లు చివర్లో రెండు రూపాలకూ వెతకాలి.

దీనితోపాటే వర్ణక్రమం. వాళ్ళు అని ఒకరు, వాళ్లు అని ఇంకొకరు రాస్తారు. పెళ్ళి, పెళ్లి రెండూ వస్తాయి. ఇంగ్లీషుకు ఉన్నంత గట్టి స్పెల్‌చెక్ సాయం మనకు లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఈ తగవు తీర్చదు. ఒక్క పేజీ జాబితా రాసుకోండి: మన సంచికలో ఏ రూపం వాడుతున్నాం, అంకెలు ఎలా రాస్తున్నాం, ఇంగ్లీషు పేర్లు తెలుగులో ఎలా రాస్తున్నాం. కథల్లో, జ్ఞాపకాల్లో మాత్రం రచయిత మాండలికాన్ని ఈ జాబితా పేరుతో చదును చేయవద్దు. శ్రీకాకుళం మాటనూ పాలమూరు మాటనూ ఒకే మూసలో పోసేస్తే సంచిక ఎవరిదీ కాకుండా పోతుంది.

దిద్దుబాట్లకు జాడ మిగిల్చే పద్ధతి మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్, గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్, లిబ్రె ఆఫీస్‌లో రికార్డ్ ఛేంజెస్. వర్డ్‌లో జాడ పెట్టి దిద్దిన ఫైలును గూగుల్ డాక్స్‌లో తెరిస్తే అవి సూచనలుగా కనిపిస్తాయి. తిరిగి వర్డ్ రూపంలో దించుకుంటే మళ్లీ జాడలుగానే వస్తాయి. అంటే పేర్లు వేరైనా ఒకరి దిద్దుబాటు మరొకరికి చేరుతుంది. చేయకూడనిది ఒక్కటే: జాడ లేకుండా నేరుగా మార్చేయడం. రచయిత తన వాక్యాన్ని ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో తెలుసుకోగలగాలి. కామెంటు రాసేటప్పుడు కూడా "ఇక్కడ ఏదో బాలేదు" అని వదిలేయకండి. "ఈ సంవత్సరం మొదటి పేరాలో ఒకలా, ఇక్కడ ఒకలా ఉంది. ఏది సరైనదండీ?" అని అడిగితే జవాబు ఆ పూటే వస్తుంది.

ఎంత చెప్పినా ఒకసారి ఇద్దరు ఒకే వ్యాసాన్ని రెండు కాపీలుగా దిద్దేస్తారు. అప్పుడు ఒకరి పని పారేయనక్కర్లేదు. మూడు సాఫ్ట్‌వేర్లలోనూ రెండు ఫైళ్లను పోల్చే సదుపాయం ఉంది. తేడాలన్నీ జాడలుగా కనిపిస్తాయి, ఒక్కొక్కటే చూసి ఉంచుకోవడమో తీసేయడమో చేయవచ్చు. ఎవరి తప్పో తేల్చడం కన్నా ఈ పోలికకు అరగంట పెట్టడం మేలు.

ఫొటోల్ని ఫైల్లో అతికించి పంపనివ్వకండి. విడిగా, తీసినది తీసినట్టుగా తెప్పించుకోండి. వాట్సాప్‌లోనే పంపుతామంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే అది కుదించేస్తుంది, అచ్చుకు పనికిరాదు. వర్డ్ ఫైల్లో అతికించిన బొమ్మ ఒక్కటే దొరికి, పంపినవాళ్లు అందుబాటులో లేకపోతే, ఫైలు కాపీ ఒకటి తీసుకుని దాని చివర డాక్‌ఎక్స్ అన్నచోట జిప్ అని మార్చి తెరవండి. లోపల మీడియా అనే ఫోల్డర్లో బొమ్మలు విడివిడిగా ఉంటాయి.

అసలు పరీక్ష ప్రెస్సు దగ్గర. వ్యాసాలకు ఆహ్వానం పంపకముందే డీటీపీ చేసే అతనితో మాట్లాడాలి. చాలాచోట్ల వినిపించే జవాబు ఇది: "యూనికోడ్ పేజ్‌మేకర్లో రాదు సార్. అనులోకి మార్చిస్తే పెట్టేస్తాను." అతను అబద్ధం చెప్పడం లేదు. 1985లో పుట్టిన పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తో ఆగిపోయింది, యూనికోడ్ దానికి తెలియదు. పేజీలు కట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మాత్రం 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగు యూనికోడ్ కుదురుతుంది. పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టుకోవాలి, పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. ఆ ప్రెస్సులో ఇన్‌డిజైన్ ఉంటే ఒక వ్యాసం పెట్టి నాలుగు పేజీలు ముందే తీయించి చూడండి. లేదంటే మళ్లీ అనులోకి మార్చాలి, మళ్లీ పైకి చదువుకోవాలి. దానికి పట్టే రోజుల్ని ఆవిష్కరణ తేదీ ఖాయం చేయకముందే లెక్కలో వేసుకోండి.

పేజీలు కట్టడం మొదలైందంటే అసలు ప్రతికి తాళం వేసినట్టే. ఇక వాక్యాలు తిరగరాయడం లేదు, తప్పులు దిద్దడమే. ఆ సంగతి రచయితలకు తేదీతో సహా ముందే తెలిసుండాలి. ఇక్కడే తెలుగు ప్రచురణలో తరచూ జరిగే నష్టం ఉంది. కాగితం ప్రూఫుల మీద ఎర్ర పెన్నుతో దిద్దుతాం. డీటీపీ అతను వాటిని పేజ్‌మేకర్లో సరిచేస్తాడు. పుస్తకం చక్కగా వస్తుంది. కానీ ఆ దిద్దుబాట్లు గూగుల్ డాక్స్‌లోని ప్రతిలోకి ఎవరూ ఎక్కించరు. ఏడాది తర్వాత ఈ-బుక్ చేద్దామనో, రెండో ముద్రణ వేద్దామనో అనుకుంటే తప్పులున్న పాత పాఠమే చేతికొస్తుంది. లేకపోతే అచ్చుకు వెళ్లిన అను పాఠాన్ని మళ్లీ మార్చుకోవాలి, మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి.

కాబట్టి ప్రూఫు కాగితాలు ప్రెస్సుకు పంపకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. అసలు ప్రతి ఉన్నవాళ్లు అదే రోజు ఆ మార్పుల్ని అందులో ఎక్కించాలి. పుస్తకం వచ్చాక ప్రెస్సు నుంచి పేజీల ఫైలు, అందులో వాడిన ఫాంట్ల జాబితా, అచ్చుకు వెళ్లిన పీడీఎఫ్ అడిగి తీసుకోండి. బిల్లు చెల్లించేటప్పుడు అడిగితే వెంటనే ఇస్తారు, ఏడాది తర్వాత అడిగితే ఆ కంప్యూటరే ఉండకపోవచ్చు. వాటి పక్కన దిద్దిన యూనికోడ్ పాఠాన్ని, ఫొటోల అసలు ఫైళ్లను పెట్టి ఒక ఫోల్డరు చేయండి. ఒక కాపీ కాలేజీ గ్రంథాలయంలో, ఒకటి హైదరాబాదు అమ్మాయి దగ్గర, ఒకటి డల్లాస్ మిత్రుడి దగ్గర ఉంచండి. మాస్టారికి మాత్రం ఆయన వ్యాసం యూనికోడ్ రూపాన్ని ఫోన్‌కు పంపండి. ఆయన దాన్ని పాత శిష్యులకు ఒక్కొక్కరికీ పంపుకుంటారు.